చేతికివ్వని ఇంజన్ ఆయిల్

మొన్న శుక్రవారం సాయంత్రం గవర్నర్‌పేటలో పడవ మోటారుకు ఇంజన్ ఆయిల్ కొనడానికి వెళ్ళాను. శుక్రవారమే ఎందుకంటే, శనివారం ఇంటికి నూనె తేకూడదు, ఆదివారం ఆ వీధిలో కొట్లు తీయరు, సోమవారం దాకా ఆగితే మా తోడికోడలు నాకంటే ముందు వెళ్ళి కొనుక్కొచ్చేస్తుంది. మొదటి రెండు కారణాలూ ఇంట్లో చెప్పుకోవడానికి, మూడోది నా మటుకు నాకు. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "స్కూటీకాండీ?" అన్నాడు. పడవ మోటారుకని చెప్పాను. "టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకాండీ?" అని ఇంకో ప్రశ్న వేశాడు, ఇక్కడితో ఈవిడ ఇంటికి ఫోన్ చేసి మగవాళ్ళను కనుక్కుంటుందిలే అన్న ధీమాతో. ఫోర్ స్ట్రోకేనని, టెన్ డబ్ల్యూ థర్టీ రకం ఇమ్మని చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చి, దుమ్ము తుడిచి, బల్ల మీదుగా నా చేతికి అందించబోయాడు. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. "అక్కడ పెట్టండి, నేను తీసుకుంటాను" అన్నాను. ఆయన కాస్త తెల్లబోయి, అర్థమయ్యాక నవ్వి, "మా అమ్మా ఇంతేనండి, కానీ ఇది వంటనూనె కాదు కదండీ" అంటూ బల్ల మీద పెట్టాడు. ఆ మాట మా అత్తగారి ముందు అని ఉంటే తెలిసేది. ఆటోలో డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ వస్తుంటే, ఇలాంటి డబ్బాల దగ్గర నేను ఏళ్ళ తరబడి పడిన కుళ్ళంతా గుర్తుకొచ్చింది.

కుళ్ళు అనే మాట తెలిసే వాడాను. అసూయ అంటే కాస్త మర్యాదగా ఉంటుంది, పుస్తకాల్లో చదవడానికి బాగుంటుంది. నాది అంత మర్యాదైన సరుకు కాదు. అది అర్థం కావాలంటే ముందు మా ఇంటి చట్టం ఒకటి చెప్పాలి. మా వైపు ఇళ్ళల్లో నూనె, ఉప్పు, కారం చేతిలోంచి చేతిలోకి ఇవ్వరు. ఇస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ గొడవ వస్తుందని నమ్మకం. ఒకరు కింద పెట్టాలి, రెండోవాళ్ళు వంగి తీసుకోవాలి. పక్కింటావిడ గిన్నెడు నూనె బదులు అడగడానికి వచ్చినా సరే, గిన్నె గట్టు మీద పెట్టి తప్పుకోవలసిందే. చాలా ఇళ్ళల్లో ఈ చట్టం వంటింటి గడప దాటదు. మా అత్తగారు దాన్ని కృష్ణ ఒడ్డుదాకా తీసుకెళ్ళారు. "నూనె నూనేనమ్మా, దీపంలో పోసినా ఇంజన్లో పోసినా" అనేవారు. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా చుట్టాల్లో లేరు.

మా అత్తగారి పుట్టింటివాళ్ళు మగ్గాల మీద బతికినవాళ్ళు. పెళ్ళయి వస్తే ఇక్కడ బట్టల వ్యాపారం. బట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది, కళ్ళు సగం మూసుకుని, నూలు ఎన్నో నంబరో చెప్పేవారు. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్న ఆడవాళ్ళ కొంగులు వాళ్ళకు తెలియకుండా రుద్ది చూసేవారు కూడా, ఆ తర్వాత ఇంటికొచ్చి ఎవరి చీర ఎంత అబద్ధమో మాకు చెప్పేవారు. మామగారు పోయాక కొట్టును కొడుకులిద్దరికీ వదిలేసి, ఆయన ఎప్పుడో కొని పడేసిన లంక తోటను తన చేతిలోకి తీసుకున్నారు. కరకట్ట దిగి, రేవులో పడవెక్కి, కృష్ణ పాయ ఒకటి దాటితే మా తోట. జామ, అరటి, మధ్యలో కంద, పసుపు. కొట్లో గల్లా ముందు కూర్చోవలసిన మనిషి పోయి జామచెట్ల కింద కూర్చుంటానంటే చుట్టాలు నవ్వారు. మా జామకాయకు బెజవాడ బళ్ళ మీద పేరొచ్చాక నవ్వడం మాని, బుట్టలకు కబురు పెట్టడం మొదలెట్టారు. నేను ఆ ఇంటి పెద్దకోడల్ని, ఆఫీసు ఉద్యోగిని. మా మరిది భార్య చిన్నకోడలు. మేమిద్దరం సెలవు దొరికినప్పుడల్లా అత్తగారితో పాటు పడవెక్కేవాళ్ళం.

మొదట్లో ఆ పడవకు పాత టూ స్ట్రోక్ మోటారు ఉండేది. దానికి విడిగా ఆయిల్ మార్చే పని లేదు, పెట్రోల్లోనే కలిపి పోసేవాళ్ళం. నీలం పొగ వదులుతూ, మేం వస్తున్నామని లంకంతా చాటింపు వేస్తూ వెళ్ళేది. కాయలకు పొగ వాసన పడుతోందని బేరగాళ్ళు పేచీ పెట్టాక అత్తగారు దాన్ని తీసేసి ఫోర్ స్ట్రోక్ కొన్నారు. మెత్తటి చప్పుడు, పొగ లేదు. కాకపోతే దీని కడుపులో వేరే నూనె ఉంటుందనీ, స్కూటరుకు మార్చినట్టు దాన్ని ఏటా మార్చాలనీ, మార్చకపోతే లోపలి ఇనుము అరిగిపోతుందనీ మెకానిక్ వచ్చి చెప్పి, ఒకసారి చేసి చూపించాడు. అత్తగారు స్టూలు వేసుక్కూర్చుని ఆ పనంతా కన్నార్పకుండా చూశారు. అతను వెళ్ళగానే, "ఈపాటి దానికి మళ్ళీ ఆ అబ్బాయెందుకు, ఇంట్లో ఇద్దరు కోడళ్ళున్నారు" అన్నారు. కొడుకులు కూడా ఇద్దరున్నారని ఎవరికీ తట్టలేదు. కొడుకులకు అసలే తట్టలేదు.

అలా మా ఇంట్లో ఏడాదికో పండగ పెరిగింది. ఎగువన వానలు పడి బ్యారేజీ గేట్లు ఎత్తకముందే, శనివారం కాని ఒక పొద్దున, ముగ్గురం రేవుకు వెళ్ళేవాళ్ళం. ముందు మోటారును కాసేపు నీళ్ళలో నడిపి వేడి చెయ్యాలి, చల్లటి నూనె చిక్కగా ఉండి ఓ పట్టాన దిగదు. తర్వాత ఆపి, పడవను ఒడ్డుకు లాగి కట్టి, మోటారు మీది డొప్ప తీసి, నూనె పోసే మూత వదులు చేసి, కింద పాత బేసిన్ పెట్టి, పక్కనున్న బోల్టును పానాతో తిప్పాలి. నల్లటి నూనె తీగలా జారుతుంది. చివరి బొట్టు దాకా దిగేవరకూ కూర్చోవాలి, తొందరపడితే పాతది కడుపులో మిగిలిపోయి కొత్తదాన్ని పాడుచేస్తుంది. అప్పుడు బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించి, గరాటు పెట్టి కొత్త నూనె పోసి, లోపలుండే కొలత పుల్ల తీసి తుడిచి, మళ్ళీ ముంచి తీసి, దాని మీది రెండు గీతల మధ్య తడి నిలిచిందో లేదో చూడాలి. మా అత్తగారు పుల్లను పెద్దగా నమ్మేవారు కాదు. బేసిన్లో కారిన పాత నూనెలో రెండు వేళ్ళు ముంచి, బట్టను రుద్దినట్టే రుద్ది, కళ్ళు సగం మూసి, "నలిగింది పాపం, బాగా నలిగింది" అనేవారు. ఆ నూనె చుక్క కూడా ఏట్లో పడనిచ్చేవారు కాదు. కృష్ణమ్మ నోట్లో మడ్డి పోస్తారా అని కసిరి, డబ్బాలో పట్టించి తోటకు పంపితే, చెద పట్టకుండా పాక గుంజలకు పూసేవాళ్ళు. చివరికి డొప్పకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, తాడు లాగి మోటారు స్టార్ట్ చేసి, బోల్టు దగ్గర ఎక్కడా కారడం లేదని చూసుకుంటే పని అయినట్టు.

ఇంత తతంగంలోనూ నా కళ్ళు ఉండేది ఒక్కచోటే. అత్తగారి స్టూలు పక్కన గుడ్డసంచిలో కొత్త నూనె డబ్బాలు రెండుండేవి. ఒకటి నేను పోయాలి, ఒకటి నా తోడికోడలు పోయాలి. ఆమె వంతు వచ్చినప్పుడు ఆవిడ కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపి, "ఇదుగో, పట్టుకోవే" అని డబ్బా ఆమె చేతిలో పెట్టేసేవారు. నా వంతు వచ్చేసరికి స్టూలు మీద నుంచి లేచేవారు. మోకాళ్ళు పట్టుకుని, సన్నగా మూలిగి, నాలుగడుగులు నడిచొచ్చి, నా ముందున్న పడవ బల్ల మీద వంగి డబ్బా పెట్టి, చెయ్యి తీసేసి, ఓ అడుగు వెనక్కి వేసి, "తీసుకోమ్మా" అనేవారు. నియమం ఇద్దరికీ ఒకటే అయితే నాకు ఏ బాధా లేదు. నియమం పెట్టిన మనిషే ఒక కోడలి దగ్గర దాన్ని గాలికొదిలేసి, రెండో కోడలి దగ్గర మాత్రం శాస్త్రం తప్పకుండా పాటిస్తే ఏమనుకోవాలి. నాకు అర్థమైంది ఒకటే. సొంతవాళ్ళ దగ్గర శాస్త్రాలు ఉండవు. చిన్నకోడలు సొంత మనిషి. నేను గిన్నె పట్టుకుని వచ్చిన పక్కింటావిడ లెక్క. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ డబ్బా ఆవిడ చేతిలోంచి నా చేతిలోకి రావాలని నేను కోరుకున్నంతగా, ఆ వయసులో బంగారం కూడా కోరుకోలేదు.

డబ్బా ఒక్కటే అయితే ఎలాగో సరిపెట్టుకునేదాన్ని. ఆమెను "ఏమే" అనేవారు, "ఒసే" అనేవారు, "నీ మొహంలే" అనేవారు. నన్ను "అమ్మాయ్" అనేవారు. పొద్దస్తమానం వాళ్ళిద్దరికీ ఏదో ఒకటి పడేది. పానా ఎటు తిప్పాలన్న దగ్గర, వాషరు ఇసుకలో పడేసిన దగ్గర, గరాటు కడగలేదన్న దగ్గర. "నీకు చేతకాదు లేవే" అని ఆవిడంటే, "మీకు మాత్రం వచ్చా ఏంటి అత్తయ్యా" అని ఆమె అనేది. నిజానికి ఆమెకు మోటార్ల గురించి తెలిసింది సున్నా. వాళ్ళ పుట్టింట్లో ట్రాక్టరు ఉండేది, అదొక్కటే అర్హత. నాకూ తెలియదు, కానీ తెలియదని నేను మర్యాదగా ఒప్పుకునేదాన్ని. మర్యాదకు విలువెక్కడిది. సాయంత్రమయ్యేసరికి అత్తా చిన్నకోడలూ ఒకే జామకాయను రెండుగా పగలగొట్టుకుని, ఉప్పూకారం అద్దుకుని, తిట్టుకున్న సంగతే మరిచిపోయి తింటూ ఉండేవారు. నాకు మాత్రం విడిగా, కడిగి, ముక్కలు కోసి, ప్లేటులో పెట్టి ఇచ్చేవారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. నాది అంతకంటే సిగ్గుచేటు, అత్త తిట్టనందుకు ఏడ్చేదాన్ని. మావారితో చెబితే, "నిన్ను గౌరవిస్తోంది, నీకేం నొప్పి" అన్నారు. గౌరవం పెళ్ళిపందిట్లో ముందు వరసలో కూర్చోబెట్టడానికి పనికొస్తుంది గానీ, సగం జామకాయ పెట్టదు. నేనేమైనా ఆవిడను నొప్పించానా అని వెతుక్కుంటే ఒక్కటే కనిపించేది. పెళ్ళయిన కొత్తలో మా అత్తాకోడళ్ళకు ఓ మాట పట్టింపు వచ్చి, నేను కూచిపూడి పక్కనున్న మా పుట్టింటికి వెళ్ళి, కృష్ణకు వరద వచ్చి తీసేదాకా తిరిగి రాలేదు. అది పాత సంగతి. ఇద్దరం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, నేనైతే మరిచేపోయాను.

ఒక ఏడు ఈ డబ్బాల పంపకం మమ్మల్ని ఏటి మధ్యలో నిలబెట్టింది. ఆ ఏడు కొట్లో చిన్న డబ్బాలు లేవని పెద్దవి తెచ్చారు. ఒక్కటే చాలు. అయినా కోడళ్ళిద్దరికీ చెరొకటి అనే లెక్కను అత్తగారు మార్చలేదు. చీరలు పెట్టినా అంతే, ఒకే రంగు, ఒకే అంచు. చెరో సగం పోయాలని ఆవిడ ఉద్దేశం, ఆ ముక్క మాకు చెప్పడం మరిచారు. నేను ఆఫీసు నుంచి ఫోనొస్తే మాట్లాడుతూ కట్ట మీదకు వెళ్ళాను. ఈలోగా నా తోడికోడలు తన చేతికిచ్చిన డబ్బా అంతా వంపేసి, కుంకుమ భరిణె తేవడానికి కారు దగ్గరకు వెళ్ళింది. నేను తిరిగొచ్చేసరికి నా ముందు బల్ల మీద నా డబ్బా పెట్టి ఉంది. నా ముందు పెట్టారంటే అది నా వంతు. ఆవిడ అంత కష్టపడి వంగి పెట్టినదాన్ని వదిలేస్తానా, నేనూ సగం దాకా వంపాను. అత్తగారు అప్పటికి పాత నూనెను వేళ్ళతో రుద్దుతూ కళ్ళు సగం మూసుకుని ఉన్నారు. కళ్ళు తెరిచి, వాచీ చూసి, "రాహుకాలం వచ్చేస్తోంది, కానివ్వండి కానివ్వండి" అన్నారు. ఆ తొందరలో పుల్ల తీసి చూసినవాళ్ళు లేరు. బొట్టు పెట్టి, తాడు లాగి, అన్నం క్యారియర్‌తో తోటకు బయల్దేరాం. పాయ మధ్యకు వెళ్ళేసరికి మోటారు పాత టూ స్ట్రోక్ పూనినట్టు పొగ కక్కి, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పడవ దాని మానాన అది కొట్టుకుపోయి ఇసుకతిన్నె ఒకదానికి ఆనుకుంది. డొప్ప తీసి పుల్ల చూస్తే, పై గీత ఎక్కడుందో తెలియనంతగా నూనెలో మునిగి ఉంది. నేను పోశానంటే నేనూ పోశానని మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎక్కువైనది తీయాలంటే గిన్నె లేదు, బేసిన్ రేవులో ఉండిపోయింది. అత్తగారు క్యారియర్ విప్పి, ముగ్గురికీ పెరుగన్నం పెట్టేసి, ఖాళీ అయిన గిన్నెను బోల్టు కింద పెట్టించారు. నూనె ఆ గిన్నెలోకి దిగుతుంటే మేం ఇసుకలో కూర్చుని తింటున్నాం. అప్పుడు మొదలెట్టారు. "కళ్ళెక్కడ పెట్టుకున్నావే? పోసినదానివి పోశానని ఓ మాట చెప్పొద్దూ? మా అమ్మ పెట్టిన క్యారియరే అది, నీ వల్ల పాడైంది గదే" అని నా తోడికోడలిని దులిపేస్తున్నారు. ఆమె అన్నీ విని, "అక్క కూడా పోసింది కదా అత్తయ్యా" అంది. న్యాయమైన మాట. ఆవిడ నా వైపు తిరిగారు. నేను ముద్ద చేతిలోనే పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను. తిట్ల కోసం అంత ఆశగా నేను జన్మలో ఎప్పుడూ కూర్చోలేదు. ఆవిడ కాసేపు చూసి, చూపు దించుకుని, "ఇంకాస్త అన్నం పెట్టుకోమ్మా" అన్నారు. మోటారు నాలుగైదుసార్లు లాగాక దగ్గుతూనే స్టార్ట్ అయింది. తోట చేరేదాకా వాళ్ళిద్దరూ క్యారియర్ గురించి పోట్లాడుకుంటూనే ఉన్నారు, నేను నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆవిడ చివరిసారి రేవుకు వచ్చినప్పటికి మోకాళ్ళు బాగా పాడయ్యాయి. చేతికర్ర ఉంటేనే అడుగు. కరకట్ట దిగడానికే చెరో వైపు పట్టుకోవలసి వచ్చింది. వద్దంటే వినలేదు, నూనె మార్చే రోజు తను లేకపోతే మోటారు అలుగుతుందన్నారు. నా వంతు వచ్చేసరికి అలవాటు ప్రకారం స్టూలు మీద నుంచి లేవబోయారు. "లేవకండి అత్తయ్యా, నా చేతికే ఇచ్చేయండి" అని నేను చెయ్యి చాపాను. ఆవిడ మోకాళ్ళ కోసమే చాపాను. నా కోసం కూడా చాపాను. ఆవిడ డబ్బా పట్టుకుని నా అరచేతినే చూస్తూ ఉండిపోయారు. ఇచ్చేస్తారనే అనుకున్నాను. అప్పుడు చిన్నకోడలి భుజం పట్టుకుని లేచి, కర్ర ఊతంతో నాలుగడుగులు వేసి, పళ్ళు బిగపట్టి వంగి, బల్ల మీద పెట్టి, "తీసుకోమ్మా" అన్నారు. తీసుకున్నాను, పోశాను. పసుపు కుంకుమల దాకా ఉండకుండా, ఎండగా ఉందని చెప్పి కట్ట ఎక్కి కారులో కూర్చున్నాను. ఆ వానాకాలం వెళ్ళకముందే ఒక తెల్లవారుజామున ఆవిడ నిద్రలోనే పోయారు. నిరుడు ఎవరమూ నూనె ఊసెత్తలేదు.

ఈ ఏడు మోటారు చప్పుడు బరువెక్కిందని తోటమనిషి చెబితే, ఇక తప్పదని మొన్న ఆదివారం పొద్దున తోడికోడళ్ళం ఇద్దరమే రేవుకు వెళ్ళాం. నేను సంచిలోంచి గవర్నర్‌పేట డబ్బా తీస్తే, ఆమె తన సంచిలోంచి ఇంకో డబ్బా తీసింది. "మీరు శుక్రవారం వెళతారని తెలుసక్కా, అందుకే నేను గురువారమే తెచ్చాను" అంది. మోటారు వేడి చేశాం, బోల్టు తిప్పాం, రెండేళ్ళ నూనె తారులా దిగడం మొదలైంది. దిగేదాకా చేసే పని లేదు. స్టూలు వేసే చోట స్టూలు లేదు. ఆ ఖాళీని చూస్తూ ఉండేసరికి ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్నది బయటికి వచ్చేసింది. "నీకేం, నీకు ఎప్పుడూ చేతికే ఇచ్చేవారు" అన్నాను.

ఆమె పానా తుడుస్తున్నది ఆపి నా వైపు చూసింది. "నా ఏడుపూ అదే అక్కా" అంది. "మీకోసం ఆ మోకాళ్ళతో లేచి, నడిచొచ్చి, వంగి పెట్టేది. నాకేమో కూర్చున్నచోటు నుంచే విసిరేసినట్టు ఇచ్చేది. నాకోసం ఒక్కసారన్నా లేచిందా? ఎంత కుళ్ళుకున్నానో మీకేం తెలుసు. ఉండబట్టలేక అడిగేశాను కూడా." ఏమన్నారని అడిగాను. ఆమె అచ్చం అత్తగారి గొంతుతో చెప్పింది. "నీతో గొడవైతే ఏముందే, పొద్దున తిట్టుకుంటాం, మాపటికి కలిసిపోతాం. దాంతో అట్టా కాదు. పచ్చళ్ళప్పుడు ఓసారి బుద్ధి లేక నూనె చెంబు దాని చేతికిచ్చాను. మూడోనాడు మాటా మాటా వచ్చి పుట్టింటికి వెళ్ళిపోయింది. వరద తీసిందాకా రాలేదు. రోజూ కూచిపూడి బస్సొచ్చే వేళకి వీధిలోకొచ్చి నిలబడేదాన్ని. ఇంక ఈ చేత్తో దాని చేతికి నూనె ఇవ్వనే, నడుం విరిగినా సరే."

ఆ గొడవలో ఎవరు ఏ మాట అన్నారో నాకు ఇప్పటికీ వరసగా గుర్తుంది. మరిచిపోయానని పైన రాశాను, అది ఊరికే. కానీ ఎంత తవ్వుకున్నా ఆ నూనె చెంబు మాత్రం నాకు గుర్తు రాలేదు. ఆవిడకు మాటలు గుర్తులేవు, చెంబే గుర్తుంది. తప్పు నా మీద వెయ్యలేదు, తన మీద వేసుకోలేదు, చెంబు మీద వేసి, ఆ చెంబును ఇన్నేళ్ళూ మా ఇద్దరి మధ్యకు రాకుండా వంగి వంగి కాపలా కాశారు. ఇంకో సంగతి కూడా నా చెవిని దాటిపోలేదు. ఎదురుగా అమ్మాయ్ అనే మనిషి, నా వెనక నన్ను "అది" అన్నారు. ఆ ఒక్క మాట కోసం నేను తోడికోడలి దగ్గర ఎన్నేళ్ళు పళ్ళు నూరుకున్నానో. "మీరు మనసులో పెట్టుకుంటే ఓ పట్టాన పోదని భయమట అక్కా" అంది ఆమె. "నేనా?" అన్నాను. ఆమె నా మొహం చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు కూడా మసకేశాయి.

నూనె దిగడం ఆగింది. వాషరు వేసి బోల్టు బిగించాం. రెండు డబ్బాలున్నాయి, ఒక్కటే చాలు. నేను నా డబ్బా తీసుకుని లేచాను. నా మోకాళ్ళు కూడా ఈ మధ్య మాట వినడం లేదు. నాలుగడుగులు నడిచి, ఆమె ముందున్న బల్ల మీద వంగి పెట్టి, చెయ్యి తీసేసి, ఓ అడుగు వెనక్కి వేశాను. "తీసుకోవే" అన్నాను. ఆమె వంగి తీసుకుంది. మూత తీసి పోస్తుందనుకున్నాను. పోయలేదు. నా దగ్గరకు వచ్చి, నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి, అరచేతిలో ఆ డబ్బా పెట్టి, వేళ్ళు మూసింది. "మీరే పొయ్యండక్కా" అంది. పోశాను. పుల్ల ఆమె చూసింది, రెండు గీతల మధ్య సరిగ్గా నిలిచింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, తాడు లాగితే మోటారు మెత్తగా అందుకుంది.

చట్టం మాత్రం ఊరికే పోలేదు. పాయ దాటేలోపలే మిగిలిన డబ్బా ఎవరింట్లో ఉండాలన్న దాని మీద మా ఇద్దరికీ గట్టిగా పడింది, తోటలో దిగాక సగం జామకాయ దగ్గర కలిసిపోయాం. కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఆవిడ రోజూ బస్సు కోసం వీధిలో నిలబడ్డ సంగతి నాతో కాకుండా దానితో ఎందుకు చెప్పుకున్నారా అని ఇప్పుడు కొత్తగా మొదలైంది. అడుగుదామంటే స్టూలు ఖాళీ. కాలం కూడా మా అత్తగారి చట్టమే పాటిస్తుంది కాబోలు, ఇవ్వదలచుకున్నది ఎప్పుడూ చేతికివ్వదు, ఎదురుగా పెట్టి ఓ అడుగు వెనక్కి వేస్తుంది, మనం వంగి తీసుకుని తలెత్తేసరికి ఇచ్చినవాళ్ళు అక్కడ ఉండరు.